పెళ్లి చీర లోపల ఇన్సులిన్ పంప్ బెల్ట్: ఎక్కడ కట్టుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. నాకు టైప్ 1 డయాబెటిస్. ఇంటర్‌లో ఉండగా బయటపడింది. చాలాకాలం ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చి, ఉద్యోగం వచ్చాక ఇన్సులిన్ పంప్‌కి మారాను. ట్యూబ్ ఉన్న రకం, అంటే ఒంటి మీద పెట్టుకునే చిన్న యంత్రం, సన్నటి ట్యూబ్‌లోంచి కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఒంట్లోకి పంపుతుంది. ఆఫీసుకి జీన్స్, కుర్తీలే కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. ప్యాంటు జేబులో పడేస్తే సరిపోయేది.

ఇప్పుడు శ్రావణంలో పెళ్లి. రాజమండ్రిలో, రాత్రి ముహూర్తం. అబ్బాయికీ, వాళ్ల అమ్మానాన్నలకీ మొదటి చూపుల్లోనే అన్నీ చెప్పేశాం. అక్కడ దాపరికం ఏమీ లేదు. నా బాధంతా చీర గురించే. ఆన్‌లైన్‌లో ఒక బెల్ట్ తెప్పించాను. పరుగులు తీసేవాళ్లు ఫోన్, తాళాలు పెట్టుకుని బట్టల కింద కట్టుకుంటారే, ఆ ఎలాస్టిక్ రకం. నడుముకి కట్టుకుని చీర కట్టి చూస్తే ఎడమవైపు నల్లటి పట్టీ మొత్తం బయటికి కనిపిస్తోంది. కిందికి జరిపి లంగా బొందు కింద పెడితే వడ్డాణం సరిగ్గా పంప్ అంచు మీదే కూర్చుంది. కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటోంది, నిలబడితే ముందువైపు ఉబ్బుగా ఉంది.

దీనికి తోడు గౌరీపూజ అయ్యాక మేనమామలు గంపలో మోసుకెళ్తారు. తర్వాత పెళ్లికొడుకు నడుముకి యోక్త్రం కడతాడు. ఆ దర్భతాడు కూడా నడుముకే కదా. మధ్యలో మధుపర్కాలకి చీర మార్చాలి. ఇన్నిటి మధ్య ట్యూబ్ ఎక్కడ తెగుతుందో, ఎక్కడ నలుగుతుందో అని టెన్షన్‌గా ఉంది. చీర కింద బెల్ట్ కట్టుకుని పీటల మీద కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. అమ్మేమో "ముహూర్తం వేళకి తీసేసి బ్యాగులో పెట్టుకోవే" అంటోంది.

రిటైర్డ్ హెడ్మాస్టారు

అమ్మాయీ, ముందుగా శుభాకాంక్షలు. మీ అమ్మగారు అన్నదాంట్లో తప్పేముంది? రెండు మూడు గంటల కార్యక్రమం. అంతసేపూ ఉపవాసమే కాబట్టి తినేది ఏమీ ఉండదు. తినకపోతే షుగర్ పెరగదు కదా. నేను ఇరవై ఏళ్లుగా మాత్రలు వాడుతున్నాను. పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు ఒక పూట మానేసినా ఏమీ కాలేదు.

ఇన్సులిన్ నర్సు

మాస్టారుగారూ, క్షమించండి. మీది టైప్ 2, ఆమెది టైప్ 1. ఆమె శరీరంలో సొంతంగా ఇన్సులిన్ దాదాపు తయారవదు. తిన్నా తినకపోయినా కాలేయం చక్కెరని వదులుతూనే ఉంటుంది, దానికి కొద్దికొద్దిగా ఇన్సులిన్ పడుతూనే ఉండాలి. ఇంజెక్షన్లు వాడేవాళ్లకి రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒకటి ఒంట్లో నిల్వ ఉంటుంది. పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసే రకం మాత్రమే. పంప్ తీశారంటే కొన్ని గంటల్లో ఆ నిల్వ ఖాళీ. ఆ తర్వాత కీటోన్లు మొదలవుతాయి, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి, అది ప్రమాదం. అందులోనూ ఉపవాసం, పైగా నిద్రలేని రాత్రి. స్నానానికి అరగంట, మహా అయితే గంట తీయొచ్చు. అంతకుమించి తీయాల్సి వస్తే ఏం చేయాలో డాక్టర్‌గారిని అడిగి రాసి పెట్టుకోవాలి. "బ్యాగులో పెట్టుకో" అనేది మాత్రం కుదరదు. మీ అమ్మగారికి ఇది చూపించండి.

బెల్ట్ విషయం చీర కట్టే అలవాటు ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది. నేను డ్యూటీలో ప్యాంటూ కోటూ మనిషిని.

ముక్కుసూటి

అసలు ఎందుకు దాచాలి? కళ్లజోడు దాస్తామా? వడ్డాణం పక్కనే తగిలించుకుని దర్జాగా కూర్చోండి. చూసేవాళ్లని చూడనివ్వండి.

గోదారిగట్టు

మీరు చెప్పింది మనసుకి బాగానే ఉందండీ. కానీ మా వైపు పెళ్లంటే ఆరేడు వందల మంది. స్టేజీ ఎక్కిన ప్రతి పెద్దమ్మకీ అదేమిటో వివరించి, ఆవిడ "అయ్యో పాపం" అంటే వినడానికి ఆ రోజు నాకు ఓపిక ఉండదు. మర్నాడు అడిగితే అన్నీ చెప్తాను.

సాగరతీరం

నువ్వే అంటాను, ఏమనుకోకు. వయసులో పెద్దదాన్ని. విశాఖలో బ్యాంకులో పని. రోజూ చీరే. నా పెళ్లినాటికి నాకు పంప్ లేదు, సిరంజిలే. కానీ ఆ తర్వాత గృహప్రవేశం, పాప బారసాల, సత్యనారాయణ వ్రతాలు, ఇలా పీటల మీద కూర్చున్నవన్నీ పంప్‌తోనే. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందు నీ బెల్ట్ సంగతి. అది ప్యాంటు వేసుకునేవాళ్ల కోసం చేసింది. ప్యాంటుకి నడుం మూసి ఉంటుంది. చీరకి నడుమే తెరిచి ఉండేది. మనం పైట ఎడమ భుజం మీద వేస్తాం కాబట్టి గుడ్డ కుడి తుంటి మీంచి పైకి లేచి ఏటవాలుగా వెళ్తుంది. కుడివైపు నడుం ఎప్పుడూ కప్పే ఉంటుంది, ఎడమవైపు నడుం ఎప్పుడూ కనిపిస్తుంది. కాబట్టి మొదటి మాట: కుడివైపు. రెండో మాట: బెల్ట్ నడుముకి కాదు, తుంటికి. లంగా బొందు కట్టే గీత కన్నా నాలుగు వేళ్లు కిందికి. అక్కడైతే వడ్డాణం పైన ఉంటుంది, పంప్ కింద ఉంటుంది, రెండూ కలవవు.

రోజూ బ్యాంకుకి వెళ్లేటప్పుడు నేను బెల్ట్ కట్టను. మా అమ్మమ్మ రొండిన చిల్లర సంచి దోపుకునేదే, సరిగ్గా ఆ చోటే పంప్ క్లిప్పు పెట్టేస్తాను. చీర మొదటి చుట్టుకీ పైట గుడ్డకీ మధ్య కుడి తుంటి దగ్గర ఖాళీ ఉంటుంది. పైట కాస్త ఎత్తితే చేతికి వచ్చేస్తుంది. కౌంటర్ దగ్గర కూర్చునే బోలస్ (తిండికో, పెరిగిన షుగర్‌కో ఒకేసారి ఇచ్చుకునే డోసు) ఇచ్చుకుంటాను, ఎదురుగా ఉన్న కస్టమర్‌కి కూడా తెలియదు. కానీ పెళ్లికి అది పనికిరాదు. కంచిపట్టు బరువు, పైట మడతలకి పిన్నులు, పైన వడ్డాణం. క్లిప్పు జారితే పంప్ ట్యూబ్‌కి వేలాడుతుంది. నీకు లోపలి బెల్టే కావాలి.

ఇప్పుడు అసలు విషయం. అందరూ పంప్ ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు, ట్యూబ్ ఏ దారిన వెళ్తుందో ఆలోచించరు. నువ్వు ఇన్‌ఫ్యూజన్ సెట్ (ట్యూబ్ చివర చర్మానికి అంటించుకునే భాగం) పొట్ట మీద పెట్టుకుంటావని నీ మాటల్ని బట్టి అర్థమవుతోంది. పొట్ట మీద పెడితే ట్యూబ్ బొందునీ, దోపునీ, కుచ్చిళ్లనీ, వడ్డాణాన్నీ, యోక్త్రాన్నీ అన్నిటినీ దాటాలి. ఎక్కడో ఒకచోట నలుగుతుంది. ఆ రోజుకి సెట్ తొడ మీద పెట్టుకో. కుడి తొడ, పైభాగం, ముందుకి కాక కొంచెం బయటివైపు. పంప్ కుడి తుంటి మీద. అప్పుడు ట్యూబ్ మొత్తం లంగా లోపలే ఉండిపోతుంది, నడుం గీత దాటే పనే లేదు. పైన ఎవరు ఏ తాడు కట్టినా నీకు సంబంధం లేదు. పొడవాటి ట్యూబ్ వద్దు, 60 సెంటీమీటర్లది చాలు. 110 ది పెడితే మిగిలిన ట్యూబ్ చుట్ట చుట్టి ఎక్కడో దోపాలి, అదే దేనికో తగులుకుంటుంది.

తొడ మీద ఇన్సులిన్ పొట్ట మీద కన్నా కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకని ఆ రోజే మొదటిసారి చేయకు. ఇప్పటినుంచే రెండు మూడు సెట్లు తొడ మీద పెట్టి నీ లెక్క ఎలా వస్తుందో చూసుకో. డాక్టర్‌కి కూడా ఒక మాట చెప్పు.

చీర మార్చేటప్పుడే అసలు ప్రమాదం. గంపలో కాదు. గంపలో నువ్వు కదలకుండా కూర్చుంటావు, మోసేవాళ్లకే కష్టం. కానీ మధుపర్కాలకి గదిలోకి వెళ్లగానే నలుగురు పిన్నులు, ఇద్దరు వదినలు మీద పడతారు. "త్వరగా, త్వరగా, పంతులుగారు పిలుస్తున్నారు" అంటూ ఒకరు పట్టుచీర లాగుతుంటే ఇంకొకరు బొందు విప్పుతుంటారు. అందుకే రెండు చీరలకీ ఒకటే లంగా ఉండేలా చూసుకో. మధుపర్కం తెల్లది, పల్చన. ముదురు రంగు లంగా కింద ఉంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నీ నల్ల బెల్ట్ కూడా కనిపిస్తుంది. గంధం రంగు లంగా కుట్టించుకో, బెల్టూ అదే రంగు. కంచిపట్టు కింద ఏ రంగు లంగా ఉన్నా ఎవరికి కనిపిస్తుంది? లంగా విప్పే పని లేకపోతే బెల్ట్ జోలికి ఎవరూ రారు. చీర కట్టేవాళ్లకి ముందే చెప్పు, కుడి తుంటి దగ్గర పిన్నీసు పెట్టొద్దని. పిన్ను ట్యూబ్‌లో దిగితే ఇన్సులిన్ లంగాకే పోతుంది, నీకు తెలిసేసరికి షుగర్ మూడొందలు.

పంప్‌ని వైబ్రేషన్‌లో పెట్టు. ఒకసారి వ్రతంలో నాది గుయ్యిమంది, పంతులుగారు మంత్రం ఆపి "అమ్మా, ఆ ఫోనేదో ఆపించండి" అన్నారు. మా ఆయన అమాయకంగా తన జేబు తడుముకున్నాడు.

గోదారిగట్టు

అక్కా, ఒకే లంగా మాట అస్సలు తట్టలేదు! థాంక్యూ. రెండు డౌట్లు. తొడకి కట్టుకునే పట్టీలు కూడా ఉన్నాయట కదా, పంప్ కూడా తొడ మీదే పెట్టేస్తే? ఇంకోటి, పంప్ లంగా లోపల ఉంటే మధ్యలో బోలస్ ఇవ్వాల్సి వస్తే ఎలా? నా పంప్ రీడింగులు ఫోన్‌లో కనిపిస్తాయి కానీ ఫోన్‌తో ఇన్సులిన్ ఇవ్వడం కుదరదు.

సాగరతీరం

తొడపట్టీ నిలబడి ఫొటోలు దిగే రిసెప్షన్‌కి బాగానే ఉంటుంది. పెళ్లికి వద్దు. నడుస్తుంటే జారుతుంది. జారకుండా బిగిస్తే రెండు గంటలు మఠం వేసుకుని కూర్చున్నాక ఒరుసుకుని ఎర్రగా వాస్తుంది. పైగా సన్నికల్లు తొక్కేటప్పుడు, మెట్టెలు పెట్టేటప్పుడు కాలు ఎత్తాలి, పాదం పట్టుకుని ఒకరు కింద కూర్చుంటారు. ఆ టైంలో పట్టీ మోకాలికి వచ్చిందనుకో, నవ్వాలో ఏడవాలో తెలియదు.

బోలస్ సంగతి. ముహూర్తం అయ్యేదాకా నువ్వు తినవు, కాబట్టి భోజనం బోలస్ ఉండదు. ఆటో మోడ్ (షుగర్‌ని బట్టి పంపే డోసు సర్దుకోవడం) దాని పని అది చేసుకుంటుంది. భోజనాలకి కూర్చునే ముందు ఎలాగూ ఒకసారి గదిలోకి వెళ్తావు, అక్కడ ఇచ్చుకో. అయినా మధ్యలో అవసరం పడదని గ్యారంటీ లేదు. అందుకే లంగా చీలిక కుడివైపుకి తిప్పి కట్టుకో. బొందు దగ్గర జానెడు చీలిక ఉంటుంది కదా, అది పంప్ మీదికి రావాలి. పంప్ క్లిప్పుకి సన్నటి రిబ్బన్ ఒకటి ముడివేసి దాని చివర బొందు పక్కన దోపుకో. పైట ఎత్తి, ఆ రిబ్బన్ పట్టుకుని లాగితే పంప్ పైకి వస్తుంది. ఇంట్లో అద్దం లేకుండా చేసి చూసుకో. ఎదుటివాళ్ల కంటికి కనిపించకుండా దాచమన్నాను గానీ, నీ చేతికే దొరకనంతగా దాచుకుంటే దాంతో ఏం లాభం?

షుగర్ కొలిచే సెన్సర్ ఎక్కడ పెడతావు? చేతికైతే ఇంకో చిక్కుంది. వంకీ.

కుట్టుమిషన్

విజయవాడలో లేడీస్ టైలర్‌ని అమ్మా. ఇలాంటి బెల్ట్‌లు నేను కుట్టాను. మొదటిది మా వీధిలో ఒక కాలేజీ అమ్మాయికి, లంగావోణీ ఫంక్షన్‌కి. పైన మేడమ్‌గారు చెప్పింది కరెక్టే, నా వైపునుంచి కుట్టు సంగతులు చెప్తాను.

మీరు తెప్పించిన బెల్ట్ పట్టీ వెడల్పు ఎంత ఉంది? అంగుళం, అంగుళంన్నర ఉంటే కూర్చున్నప్పుడు తాడులా చుట్టుకుపోతుంది, అంచు దిగి గీతలు పడతాయి. తుంటికి కట్టేది నాలుగు అంగుళాలు ఉండాలి. మొత్తం ఎలాస్టిక్ వద్దు. వెనక సగం ఎలాస్టిక్, ముందు సగం హోజరీ గుడ్డ రెండు పొరలు. ఒంటికి తగిలే పొర మాత్రం కాటన్ హోజరీయే వేయించుకోండి. సిల్కు లైనింగ్ జారుతుంది, చెమట పీల్చదు.

కొలత నిలబడి ఒకటి, నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఒకటి, రెండూ ఇవ్వాలి. కూర్చుంటే తుంటి కొలత పెరుగుతుంది. నిలబడి తీసిన కొలతకే కుడితే పీట మీద కూర్చున్న అరగంటకి ఎప్పుడు విప్పుదామా అనిపిస్తుంది. రెండు కొలతలూ ఉంటే ఎలాస్టిక్ ఎంత సాగాలో నాకు లెక్క తెలుస్తుంది.

జేబు నిలువుగా కాదు, అడ్డంగా పెట్టాలి. మీ పంప్ అరచేతిలో పట్టేంత ఉంటుంది, అంగుళం దాకా మందం. నిలువుగా పెడితే వంగినప్పుడు పైఅంచు పొట్టలోకి, కిందిఅంచు తొడలోకి దిగుతుంది. అడ్డంగా పడుకోబెడితే తుంటి వంపులో కూర్చుంటుంది. జేబు నోరు పైకి, దాని మీద చిన్న మూత. కింద మూలలో ట్యూబ్ రావడానికి కాజా కుట్టాలి. కత్తిరించి వదిలేస్తే దారాలు లేచి ట్యూబ్‌కి చుట్టుకుంటాయి. కాజా కుట్టు కుడితే అంచు గట్టిగా ఉంటుంది.

వెల్‌క్రో అస్సలు వద్దమ్మా. పట్టుచీర దారం దానికి తగులుకుందంటే పోగులు లేస్తాయి. హుక్కులు రెండు వరసలు పెడతాను, ఒక అంగుళం తేడాతో. రెండు బెల్ట్‌లు కుట్టించుకోండి. పెళ్లిరోజు చెమటకి ఒకటి తడిస్తే రెండోది ఉంటుంది.

సాగరతీరం

అడ్డంగా పెట్టాలన్నది నిజం. నేను చెప్పడం మర్చిపోయాను. కానీ మూత మాత్రం వద్దండీ. చీలికలోంచి చెయ్యి పెట్టి, మూత ఎత్తి, పంప్ తియ్యడమంటే మూడో చెయ్యి కావాలి. జేబు నోటికి సన్నటి ఎలాస్టిక్ వేస్తే చాలు, పంప్ జారిపోదు, రిబ్బన్ లాగితే వచ్చేస్తుంది.

కుట్టుమిషన్

అలాగే చేద్దాం మేడమ్. గంపలో ఎక్కించేటప్పుడు ఒరిగితే జారుతుందేమో అని మూత అన్నాను. ఎలాస్టిక్ గట్టిది వేస్తే సరిపోతుంది.

ఇన్సులిన్ నర్సు

బెల్ట్ బాగా కుదిరింది. ఇక ఒంటి మీద అంటించే వాటి సంగతి నేను చెప్తాను.

నలుగు, నూనె, పసుపు. ఇవి అంటుకున్న చర్మం మీద ఏ ప్లాస్టరూ నిలవదు. తొడకి నలుగు పెట్టరు కాబట్టి సెట్‌కి భయం లేదు. చేతికున్న సెన్సర్‌కే గండం. అది ముందురోజే కొత్తది పెట్టి, పైన ఇంకో అంటుపట్టీ వేసి, నలుగు పెట్టే ముత్తయిదువులకి ఆ చెయ్యి చూపించి చెప్పండి. కొత్త సెన్సర్ మొదటి రోజు లెక్క అటూ ఇటూగా ఉంటుంది, అందుకే ఆ రోజు కాకుండా ముందురోజు.

మంగళస్నానానికి పంప్ విప్పండి. స్నానం అయ్యాక తొడ బాగా తుడుచుకుని, పూర్తిగా ఆరాక కొత్త సెట్ పెట్టండి. మేకప్ అంతా అయ్యాక, చీర కట్టే ముందు పెట్టుకుందాంలే అనుకోవద్దు. కొత్త సెట్‌లో కాన్యులా (చర్మం లోపలికి వెళ్లే సన్నటి గొట్టం) ఒక్కోసారి లోపల మడత పడుతుంది. అది పనిచేస్తోందో లేదో తెలియడానికి రెండు మూడు గంటలు పడుతుంది. రాత్రి ముహూర్తానికి పొద్దున స్నానం అవుతుంది కాబట్టి మీకు కావలసినంత టైం ఉంది.

వేడి ఇంకోటి. ఆ ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడిలో ఉండకూడదు. ఒంటికి ఆనుకుని, పైన పట్టుచీర, ఎదురుగా హోమం. పంప్‌లో ఇన్సులిన్ ఉండే రిజర్వాయర్‌లో ఆ పొద్దునే తాజా ఇన్సులిన్ నింపుకోండి. పాతది మిగిలింది కదా అని కొనసాగించొద్దు. పంప్ కుడి తుంటి మీద ఉంటుంది కాబట్టి హోమగుండం ఏ వైపు వస్తుందో ఒకసారి చూసుకుని పీట కాస్త వెనక్కి వేయించుకుంటే మంచిదే.

స్టేజీ కింద మీ మనిషి ఒకరు ఉండాలి. చెల్లెలో, స్నేహితురాలో. ఆమె చేతిలో మీ ఫోన్, ఇన్సులిన్ పెన్ను, గ్లూకోమీటర్, కీటోన్ స్ట్రిప్‌లు, గ్లూకోజ్ పొడి. ఆ సంచి కారులో వదలొద్దు. షుగర్ 250 దాటి, దిద్దుబాటు డోసు పడ్డాక కూడా దిగకపోతే కీటోన్ చూసి, మీ డాక్టర్ రాసిచ్చిన డోసు పెన్నుతో తీసుకుని, సెట్ మార్చాలి. 70 కిందికి వస్తే ఉపవాసం లేదు, ఏమీ లేదు. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి పదిహేను నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. పంతులుగారితో ముందే ఒక మాట చెప్పించండి. మీరు గ్లాసు ఎత్తగానే ఎవరో ఒకరు "అయ్యో, ముహూర్తం కాలేదే" అంటారు. అప్పుడు సమాధానం ఆయనే చెప్తారు.

సాగరతీరం

వంకీ మాట అందుకే ఎత్తాను. సెన్సర్ మీద ఏదైనా బిగుతుగా నొక్కితే షుగర్ పడిపోయిందని అబద్ధం చెప్తుంది. వంకీ నొక్కినా అంతే, బిగుతు జాకెట్టు చెయ్యి నొక్కినా అంతే. జీలకర్ర బెల్లం పెట్టే టైంలో "లో" అని అలారం మోగితే నువ్వు కంగారు పడతావు, మీ అమ్మ నీకన్నా కంగారు పడుతుంది. ఎడమ చేతికి వంకీ, కుడి చేతికి సెన్సర్. లేదంటే వంకీ మానెయ్యి. జాకెట్టు చేతులు సెన్సర్ పెట్టుకుని ఉండగానే కొలత ఇవ్వు.

వడ్డాణం, చీర పిన్నుల్లో అయస్కాంతం ఉన్నవి ఇప్పుడు వస్తున్నాయి. అవి పంప్ దగ్గరికి రానివ్వకు. స్క్రూ ఉన్న వడ్డాణమే తీసుకో.

రిటైర్డ్ హెడ్మాస్టారు

నర్సుగారూ, వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. టైప్ 1 సంగతి నాకు తెలియదు. అమ్మాయీ, నా సలహా పక్కన పెట్టెయ్యి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఇద్దరూ పోటీపడి లేచి నిలబడతారు, బియ్యం అంతటా పడతాయి. ఆ జేబులోకి, కాజాలోకి గింజలు వెళ్లకుండా చూసుకోండి.

గోదారిగట్టు

మాస్టారుగారూ, తలంబ్రాల్లో పోటీ ఉంటుందని అబ్బాయికి ఇప్పుడే చెప్పాను, ప్రాక్టీసు మొదలెట్టాడట!

అమ్మకి నర్సుగారి పోస్టు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం మా పిన్నికి ఫోన్ చేసి "దాన్ని తియ్యకూడదంట, గంధం రంగు లంగా కుట్టించాలి" అని చెప్తుంటే విన్నాను.

నిన్న రాత్రి పాత పట్టుచీర కట్టి, సెట్ తొడ మీద పెట్టి, ఆ ఆన్‌లైన్ బెల్ట్‌నే తుంటికి దించి కట్టుకుని గంటసేపు మఠం వేసుకుని కూర్చున్నాను. పట్టీ చుట్టుకుపోయింది కానీ పంప్ ఎక్కడా గుచ్చుకోలేదు. రిబ్బన్‌తో తియ్యడం మూడోసారికి వచ్చింది. చీలిక కుడివైపు తిప్పితే బొందు ముడి కూడా కుడివైపే వచ్చి పంప్ మీద ఉబ్బుగా కనిపిస్తోంది, దానికేం చేయాలి?

ఇంకోటి, పెళ్లయ్యాక వారానికి విమానంలో వెళ్తున్నాం. ఎయిర్‌పోర్టులో ఈ లోపలి బెల్ట్ చూసి ఏమైనా అంటారా?

సాగరతీరం

ముడి దగ్గర పేచీ అందరికీ ఉంటుంది. గుండ్రటి బొందు తీసేసి పల్చటి నాడా ఎక్కించు, దాంతో ముడి సగానికి సగం తగ్గుతుంది. లేదా టైలర్‌గారిని అడిగి చీలిక కుడివైపు ఉంచి బొందు చివరలు ముందుకి, కుచ్చిళ్ల కిందికి వచ్చేలా రంధ్రాలు పెట్టించుకో. కుచ్చిళ్ల వెనక ఎంత ముడి ఉన్నా ఎవరూ కనిపెట్టలేరు.

ఎయిర్‌పోర్టులో ఒంటి మీద ఉన్నది వాళ్లు పట్టుకునేదాకా ఆగకు. లైన్లో నీ వంతు రాగానే నువ్వే చెప్పు, ఇన్సులిన్ పంప్ ఉంది, బెల్ట్‌లో ఉంది అని. ఆడవాళ్లని తెర వెనకే తనిఖీ చేస్తారు, అక్కడ చూపించు. డాక్టర్ ఉత్తరం చేతిలో ఉంచుకో. పంప్‌నీ సెన్సర్‌నీ ఎక్స్‌రే మెషీన్‌లోకి పంపొద్దనీ, బాడీ స్కానర్‌లోకి వాటితో వెళ్లొద్దనీ చాలా కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. నీ పంప్ పుస్తకంలో ఏముందో చూసుకుని చేత్తో తనిఖీ చేయమని అడుగు. ఇన్సులిన్ మాత్రం చేతి సంచిలోనే పెట్టుకో, లగేజీలో వేయకు. ఆ రోజు చీర కట్టకు తల్లీ, చుడీదార్ వేసుకో. పని సులువవుతుంది.

కుట్టుమిషన్

బొందు రంధ్రాలు ముందుకి పెట్టడం పెద్ద పనేం కాదమ్మా, లంగా నా దగ్గరే కుట్టించుకుంటే బెల్ట్‌తో పాటే చేసేస్తాను. మీ ఊళ్లో టైలర్‌తో చేయించుకున్నా సరే, ఈ కొలతలే చెప్పండి. పంప్ బొమ్మ కాదు, పంప్‌నే తీసుకెళ్లి జేబు సైజు చూపించండి. క్లిప్పుతో కలిపి కొలవాలి, చాలామంది క్లిప్పు మర్చిపోతారు. ఇప్పుడు ఆషాఢం కాబట్టి అందరూ ఖాళీగానే ఉంటారు. శ్రావణం మొదలైందంటే జాకెట్ల మీద జాకెట్లు, ఇలాంటి చిన్న పని చేతిలోకి తీసుకునేవాళ్లు దొరకరు. ఈ వారంలోనే ఇచ్చెయ్యండి.